పుల్లయ్య సారు కుడిపక్క

నంద్యాల,
12-7-1981

అక్కా,

ప్రభువు నామంలో వందనాలు అని మొదలుపెట్టకపోతే నువ్వు జాబు చదవవని తెలుసు. అందుకే పెట్టాను. నా నమ్మకం సంగతి తర్వాత తగాదా పడదాం.

గది దొరికింది. పాలిటెక్నిక్‌కు నడిచి పోవచ్చు. ఇంటామె రామమ్మ నీళ్లు కొలిచి పోస్తుంది, మాటలు కొలవకుండా పోస్తుంది. బావ బస్సులో పంపిన చెనిక్కాయల పొడి సగం ఆమె కడుపులోకే పోయింది.

అసలు సంగతి విను. ఎండాకాలంలో నన్ను మద్రాసుకు శిక్షణకు పంపారు కదా. పిల్లలు నలుగురేసి గుంపుగా కూర్చుని, ఒకరికొకరు చెప్పుకుంటూ, లెక్క కలిసి చేసి నేర్చుకునే పద్ధతి అది. ఆ ఎండల్లో పోవడానికి పెద్ద లెక్చరర్లు ఒక్కరూ ఒప్పుకోలేదు. టెంపరరీ వాణ్ని కాబట్టి నన్ను తోశారు. నిన్న ప్రిన్సిపాలు పిలిచి, "పోయొచ్చినోడివి నువ్వే కదప్పా, మనోళ్లకు నువ్వే నేర్పాల. సెప్టెంబరు కడాకు హైదరాబాదు నుంచి కమిటీ వస్తాది. పెద్దోళ్ల క్లాసుల్లో ఈ పద్ధతి వాళ్లకు కనపడితే నీ ఉద్యోగం గురించి నేను రాస్తా" అన్నాడు.

ఉద్యోగం కోసం కాదక్కా. నువ్వు పొయ్యిలో వేస్తానని బెదిరించే నా చిన్న పుస్తకాల్లో ఒక మాట ఉంది: ఒక్కడు మాట్లాడి అరవై మంది వినే చోట చదువు ఉండదు, భయం ఉంటుంది. ఇన్నాళ్లకు ఆ మాటను నిజం చేసే చోటు దొరికింది. వదులుతానా? సాయంత్రం స్టాఫ్ రూములో అందరినీ కూర్చోబెట్టి దీపాలు పెట్టేదాకా చెప్పాను. ఉపన్యాసం ఎంత పాత జబ్బో, పిల్లల నోరు ఎట్లా నొక్కేస్తుందో, ఒక్కొక్కటీ విడమరచి చెప్పాను. గొంతు పోయింది.

సర్వే చెప్పే పుల్లయ్య సారు ఒకాయన ఉన్నాడు. కోయిలకుంట్ల దగ్గర భూములున్న మనిషి. మా సివిల్ బ్రాంచిలో అందరికంటే పెద్ద. ఆయన ఊ అంటే మిగతా వాళ్లూ ఊ అంటారు. నేను మాట్లాడినంత సేపూ కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు. చివరికి లేచి, "పిల్లోళ్లందరూ ఒకేసారి మాట్లాడితే క్లాసు సంతైతాది. నా క్లాసులో వద్దప్పా" అని వెళ్లిపోయాడు. పొద్దున వరండాలో నమస్కారం పెడితే తల కూడా తిప్పలేదు!

ఆయన్ను కదిలించకపోతే నా పేరు పరంజ్యోతి కాదు.

నీ దగ్గర తన్నులు తిని చదువుకున్న
జోతి


ఆళ్లగడ్డ,
20-7-1981

జోతీ,

నమ్మకం లేని వందనాలైనా తిరిగి పంపకూడదు కదా, తీసుకున్నాను.

పాఠం చెప్పడం తప్పని దీపాలు పెట్టేదాకా పాఠం చెప్పావా? బావకు చదివి వినిపించాను. "మీ తమ్ముడు బస్సు కప్పు మీద కూర్చోని, పైన ఎవరూ ఎక్కొద్దని అరిసే రకం" అన్నాడు. ఎంతైనా కండక్టరు కదా, ఆయన పోలికలన్నీ బస్సులోనే పుడతాయి.

మా బడి సంగతి నీకు తెలిసిందే. ఒకే గది, మూడు తరగతులు, ఒకే టీచరు. మూడో తరగతి పిల్లలు ఒకటో తరగతికి ఎక్కాలు చెప్పకపోతే నాకు పొద్దు గడవదు. నాకున్నది ఒక్క నోరు, అందుకే ఆ పద్ధతి. పక్కన రాళ్లు చెక్కే వాళ్ల సుత్తుల మోతకు ఆ ఒక్క నోరూ సరిగ్గా వినపడదు. పిల్లలే దగ్గర దగ్గరగా చేరి చెప్పుకుంటారు. మద్రాసు వాళ్లు ముందే అడిగి ఉంటే ఊరికే చెప్పేదాన్ని, రైలు ఖర్చు మిగిలేది.

కానీ ఒకటి చెప్తాను, కోపం తెచ్చుకోకు. పుల్లయ్య సారు వయసులో పెద్ద, ఊర్లో మాట చెల్లే మనిషి. మనం నిన్నగాక మొన్న కుర్చీలో కూర్చున్నవాళ్లం. ఆయనతో పెట్టుకోకు. దగ్గరికి పోయి అడుగు. సభలో అడగకు.

వర్షం పడి బడి కప్పు కారుతోంది. రెండో తరగతి వాళ్లను బల్ల కింద కూర్చోబెట్టాను, సంతోషంగా ఉన్నారు. రామమ్మకు వేరే పొట్లం కట్టి పంపుతున్నాను, నీది నువ్వు తిను.

అక్క లూదియా


నంద్యాల,
14-8-1981

అక్కకు,

ఈసారి వందనాలు లేవు. కోపంగా ఉన్నాను.

భూములున్న మనిషి అనగానే నీ కలం వణికింది. ఆదివారం గుళ్లో అందరూ దేవుని ముందు సమానమని పాడతావు, సోమవారం కోయిలకుంట్ల పేరు వింటే తల వంచుకోమంటావు. నాకు సోమవారం కూడా సమానంగానే కావాలి.

ఇక్కడ సర్వే ప్రాక్టికల్ ఎట్లా జరుగుతుందో తెలుసా? నలుగురికి ఒక జట్టు. రైతుల కొడుకులు యంత్రంలో కన్ను పెట్టి చూస్తారు. కూలీల కొడుకులు నేల కొలిచే గొలుసు మోస్తారు, అంకెల కర్ర పట్టుకుని ఎండలో నిలబడతారు. మూడేళ్లు చదివి బయటికి వచ్చేసరికి గొలుసు మోసినవాడికి గొలుసు మోయడమే వస్తుంది. నా జట్లలో వంతులు మార్చేశాను. పుల్లయ్య సారు కొట్లాటకు వస్తాడనుకుంటే, "ఫీల్డులో నీ ఇష్టమప్పా, మంచి పనే. క్లాసులో మాత్రం వద్దు" అన్నాడు. చూశావా రెండు నాలుకలు?

ఆయన క్లాసు దర్బారు అక్కా. సూది పడినా వినపడాలి. మధ్యలో ప్రశ్న అడగకూడదు. సందేహం ఉన్నవాడు పాఠం అయ్యాక బల్ల దగ్గరికి ఒక్కొక్కడే రావాలి, వచ్చి ఆయన చెప్పిన పక్కనే నిలబడాలి. అటు నిలబడితే, "ఇటు రాప్పా" అని జరిపి నిలబెడతాడు. జమీందారు కూడా ఇంత మర్యాద అడిగి ఉండడు.

నీ మాట విని దగ్గరికే పోయాను. ఖాళీ క్లాసులో బోర్డు మీద రాసుకుంటుంటే వెనకాల నిలబడి, ఎప్పుడూ లేనంత మెత్తగా, "సార్, ఒక్క వారం చేసి చూద్దాం, నేను పక్కనే ఉంటా" అన్నాను. రాస్తూనే ఉన్నాడు. మళ్లీ అన్నాను. చాక్‌పీసు కింద పెట్టి, నన్ను దాటుకుని పోయాడు! మనిషినే కానట్టు!

దాంతో ఆ రోజే ఒక కాగితం రాసి స్టాఫ్ రూములో నోటీసు బోర్డుకు అంటించాను. పేరు పెట్టలేదు. పైన మాత్రం పెద్ద అక్షరాలతో 'ప్రశ్నకు భయపడే గురువు' అని రాశాను. ఎవరి గురించో అందరికీ తెలిసింది. ప్రిన్సిపాలు వచ్చి చించేశాడు. అంతకు ముందే పుల్లయ్య సారు దాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని క్లాసుకు పోయాడు. ఒక్క మాట లేదు.

మాట ఎందుకుంటుంది? నిజం కదా.

జోతి

పొడి అయిపోయింది. రామమ్మ పొట్లం కూడా.


ఆళ్లగడ్డ,
22-8-1981

ఒరేయ్ జోతీ,

నీ జాబు చదివి రోజంతా నీతో మనసులో పోట్లాడాను. గెలిచాను కూడా. ఎదురుగా లేవు కాబట్టి.

నా కలం వణకలేదు. నువ్వు పడి దెబ్బ తగిలించుకుంటావని భయపడ్డాను, అంతే. భయపడటానికి నాకు వేరే తమ్ముడు లేడు. గోడ మీద కాగితం అంటించడం మగతనం అనుకుంటున్నావేమో. పెద్దమనిషిని పది మందిలో గిచ్చి పరుగెత్తడం అది. మా రెండో తరగతి వాళ్లు చేసే పని.

సరే, తిట్లు అయ్యాయి. నాకు ఒక్కటి చూసి చెప్పు. పుల్లయ్య సారు పిల్లల్ని ఏ పక్క నిలబెడతాడు? ఎప్పుడూ అదే పక్కా? ఆయన నీకు నమస్కారం తిరిగి పెట్టని రోజు నువ్వు ఏ పక్క నుంచి పోయావు? గుర్తు తెచ్చుకుని రాయి. ఎందుకని అడగకు.

బావ షర్టు జేబులో చిల్లర పెట్టి పెట్టి జేబే చిరిగింది. కుడుతూ రాస్తున్నాను, అందుకే అక్షరాలు ఇట్లా ఉన్నాయి.

నీ మీద కోపం ఇంకా కొంచెం మిగిలిన
అక్క


నంద్యాల,
5-9-1981

అక్కా,

నువ్వు శకునాలు చూడటం ఎప్పుడు నేర్చుకున్నావు? కుడి, ఎడమ! ఇంకొన్నాళ్లకు బల్లి ఏ పక్క పడిందో అడుగుతావు.

అడిగావు కాబట్టి చెప్తున్నాను. పిల్లల్ని కుడిపక్క నిలబెడతాడు. ఎప్పుడూ కుడే. కుడి చేతి పక్కన నిలబెట్టుకోవడం పెద్దరికం కాబోలు. నేను వరండాలో ఎదురొచ్చింది ఆయన ఎడమ నుంచి. నా గది అటువైపు ఉంటే నేనేం చేయాలి? ఆయన కోసం ఊరు చుట్టి కుడి నుంచి రావాలా?

ఇది వదిలేయ్. మంచి వార్త ఉంది. కమిటీ ఈ నెల ఇరవై తొమ్మిదిన వస్తోంది. 'ఎవరి క్లాసు చూపిద్దాం?' అని ప్రిన్సిపాలు అడిగితే, 'పుల్లయ్య సారు క్లాసే' అన్నాను. అందరికంటే పెద్దాయన చేస్తే ఇక అడ్డు చెప్పేవాడు ఉండడని ఒప్పించాను. ఆర్డరు వేసేశారు. మొత్తం అరవై మందీ గుంపులుగా కూర్చుని మాట్లాడుకుంటారు, ఆయన మధ్యలో తిరుగుతూ సాయం చేయాలి. పుల్లయ్య సారు ఆర్డరు చదివి ప్రిన్సిపాలు గదిలోకి పోయి చాలాసేపు ఉన్నాడు. వద్దని బతిమాలాడట. కారణం చెప్పమంటే చెప్పలేదట.

కారణం ఉంటే కదా చెప్పడానికి! ఈసారి తప్పించుకోలేడు.

గెలవబోతున్న
జోతి


ఆళ్లగడ్డ,
11-9-1981

నాయనా జోతీ,

ఇది పోస్టులో వేయడం లేదు, బావ చేతికిచ్చి పంపుతున్నాను. చదివిన వెంటనే ప్రిన్సిపాలు దగ్గరికి పోయి ఆ ఆర్డరు తీయించెయ్. నా మీద ఒట్టు.

ఆయనకు ఎడమ చెవి వినపడదు రా.

మా బడి పక్క రాళ్లు చెక్కేవాళ్లను ఇన్నేళ్లుగా చూస్తున్నాను. నలభై దాటేసరికి వాళ్లలో చాలామందికి ఒక చెవి పోతుంది. ఎవరికీ చెప్పరు. మనిషి వస్తే మెల్లగా జరిగి మంచి చెవి ఇటు తిప్పుతారు. నిశ్శబ్దంగా ఉంటే ఒక చెవితో ఎట్లాగో నెట్టుకొస్తారు. నలుగురు ఒకేసారి మాట్లాడితే మాత్రం అంతా మోత, ఒక్క మాటా దొరకదు. ఊ ఊ అని తల ఊపి లేచిపోతారు.

ఇప్పుడు నీ జాబులు నువ్వే మళ్లీ గుర్తు చేసుకో. సూది పడినా వినపడాలి. ఒక్కొక్కడే రావాలి. కుడిపక్క నిలబడాలి. పిల్లలందరూ మాట్లాడితే సంత అవుతుంది. నువ్వు వెనకాల నిలబడి మెత్తగా అడిగావే, ఆ ఒక్కసారీ నువ్వు మంచిగా మాట్లాడావు, అదీ ఆయనకు వినపడలేదు. దర్బారు అన్నావు. భయం రా అది. ఉద్యోగం పోతుందనో, పిల్లలు నవ్వుతారనో.

అరవై మంది మాట్లాడే గదిలో, పెద్దల ముందు ఆయన్ను నిలబెట్టకు.

అక్క


నంద్యాల,
29-9-1981

అక్కా,

నీ దగ్గర నుంచి జాబు లేక ఎన్నాళ్లయింది! అలిగావా?

కమిటీ వచ్చి పోయింది. ఎట్లా జరిగిందని అడుగుతావు. అనుకున్నట్టే జరిగింది. గుంపులు కూర్చున్నాయి, గది తేనెపట్టులా మోగింది. మా పిల్లలు అంత బాగా మాట్లాడటం నేనెప్పుడూ చూడలేదు. పుల్లయ్య సారు మాత్రం బోర్డు దగ్గర నుంచి కదలలేదు. కమిటీలో పెద్దాయన ఆయన ఎడమ పక్కకు పోయి ఏదో అడిగాడు. ఈయన బోర్డు మీద గీత గీస్తూనే ఉన్నాడు. ఆయన మళ్లీ అడిగాడు. ఈయన ఇంకో గీత గీశాడు. మూడోసారి ఆయన గొంతు పెంచేసరికి గదంతా సద్దుమణిగింది. ఆ నిశ్శబ్దంలో పుల్లయ్య సారు పిల్లల వైపు తిరిగి, "ఏమప్పా, అందరూ ఎందుకు గమ్మునైనారు?" అన్నాడు.

వెనక బల్లలో ఎవడో నవ్వాడు. తర్వాత అందరూ నవ్వారు.

ఆయన ముఖం చూశానక్కా. చాక్‌పీసు బల్ల మీద పెట్టి, పొడి అంటిన చేతులు పంచెకు తుడుచుకుని, మెట్లు దిగి పోయాడు. 'ఈ పద్ధతితో క్లాసు అదుపు తప్పింది, వద్దు' అని కమిటీ వాళ్లు ప్రిన్సిపాలుకు చెప్పి పోయారట. అదొక దెబ్బ.

ఆయన తప్పించుకోలేడని రాశాను కదా, తప్పించుకోలేదు. గెలిచినట్టే. కానీ అన్నం తినబుద్ధి కావడం లేదు. ఎందుకో నువ్వే చెప్పు.

జోతి

ఇది మడుస్తుండగా బావ వచ్చాడు. నీ పదకొండో తేదీ జాబు ఇచ్చాడు. మరుసటి రోజే ఆయన్ను కోయిలకుంట్ల బస్సుకు మార్చారట, రాత్రిళ్లు అక్కడే పడుకుంటూ ఇంటికి కూడా పోలేదట, ఇటు రావడం ఇదే మొదలట. నువ్వు కుట్టిన జేబులో భద్రంగానే ఉంది.

చదివాను. ఇంక రాయలేను అక్కా.


ఆళ్లగడ్డ,
6-10-1981

జోతీ,

బావ మీద అరిచాను, ఆయన రెండు రోజులు అన్నం దగ్గర తల ఎత్తలేదు. తర్వాత నా మీద నేనే అరుచుకున్నాను. రూపాయి కూడా కాని పోస్టు బిళ్ల అంటించి ఉంటే సరిపోయేది.

నువ్విప్పుడు ఏం చేస్తావో నాకు తెలుసు. అదే గోడ మీద ఇంకో కాగితం అంటిస్తావు. 'నేను తప్పు చేశాను, పుల్లయ్య సారుకు చెవి వినపడదు, అందరూ క్షమించండి' అని పెద్ద అక్షరాలతో. చేయకు! క్షమాపణను కూడా కరపత్రం చేయకు. ఆయన ఇన్నేళ్లు దాచుకున్నది చెప్పే హక్కు ఆయనది. ప్రిన్సిపాలుకు కూడా చెప్పకు.

ఆయన సెలవు పెట్టి ఊరికి పోయాడని బావ చెప్పాడు. నువ్వూ పో. పోయి కుడిపక్క కూర్చో. ముందు నువ్వు మాట్లాడకు. ఇది నీకు కష్టమైన పని, తెలుసు. ప్రార్థన చేస్తున్నాను, నీకు నచ్చినా నచ్చకపోయినా.

అన్నం తిను.

అక్క


ఆళ్లగడ్డ,
19-10-1981

ఒరేయ్,

నువ్వు బాగున్నావా? నిజం చెప్పు.

నిన్న బావ కోయిలకుంట్ల బస్సులో వస్తూ నిన్ను చూశాడంట. నడి ఎండలో, నల్లరేగడి చేలో, మోకాళ్ల దాకా మన్నుతో, కర్ర పట్టుకుని కూలివాడి మాదిరి నిలబడి ఉన్నావంట. దూరంగా గట్టు మీద పుల్లయ్య సారు చేతులు ఊపి ఊపి నిన్ను తిడుతున్నాడంట. "మీ తమ్ముణ్ని చేన్లో నిలబెట్టినాడు లూదియా, రెండు చేతులూ ఎత్తి శపిస్తాండాడు" అని వచ్చి చెప్పాడు. బస్సు ఆపుదామంటే డ్రైవరు ఆపలేదట.

తప్పు చేశావు, ఒప్పుకుంటాను. దానికి శిక్ష ఇదా? పెద్ద చదువు చదివినవాణ్ని ఎండలో నిలబెట్టడానికి ఆయనెవరు? నేనే వస్తాను. రెండు మాటలు అడిగి వస్తాను. పెద్దమనిషని ఇన్నాళ్లూ నీకు చెప్పింది నేనే, ఆ మాట వాపసు తీసుకుంటున్నాను.

వెంటనే రాయి. బావ చేతికివ్వకు, పోస్టులో వెయ్.

అక్క


నంద్యాల,
25-10-1981

అక్కా, ప్రభువు నామంలో వందనాలు.

బయల్దేరకు. ముందు బావకు కళ్లద్దాలు చేయించు.

నువ్వు చెప్పినట్టే పోయాను. ఆయన భార్య సుగుణమ్మ మజ్జిగ ఇచ్చి కూర్చోమన్నది. సారు అరుగు మీద ఉన్నాడు. నేను చుట్టూ తిరిగి పోయి కుడిపక్క కూర్చున్నాను. నోరు విప్పలేదు. ఆయన నన్ను చూశాడు, నేను కూర్చున్న చోటు చూశాడు.

"ఎవరు చెప్పినారు?" అన్నాడు.

"మా అక్క."

"డాక్టరా?"

"ఒంటి టీచరు బడిలో టీచరు సార్. ఆళ్లగడ్డలో."

"టీచరైతే తెలుస్తాది" అన్నాడు. నేను దారి పొడుగునా కూర్చుకున్న క్షమాపణ మొదలుపెట్టబోతే చెయ్యి ఎత్తి ఆపాడు. "మాటలొద్దప్పా. నీ మాటలు శానా విన్యాను, ఒక చెవితోనే ఐనా. లెయ్. చేన్లో పనుండాది, మనిషి తక్కువైనాడు."

శనగ విత్తే ముందు గట్లు సరిచేయాలి. వాన నీళ్లు ఎటు పారతాయో చూడటానికి ఆయన దగ్గర సొంత లెవెల్ యంత్రం ఉంది. ఆయన మూడుకాళ్ల స్టాండు మీద దాన్ని నిలబెట్టి కన్ను పెట్టాడు. నా చేతికి అంకెల కర్ర ఇచ్చి చేను ఆ చివరికి పంపాడు. బావ చూసింది అదే.

ఆయన తిట్టలేదక్కా. కర్ర ఎడమకు జరపాలంటే ఎడమ చెయ్యి చాపుతాడు. నిటారుగా పట్టుకోమంటే చెయ్యి ఎత్తి వంచుతాడు. రెండు చేతులూ పైకెత్తి కిందికి దించితే సరిపోయిందని. సర్వే చేసేవాళ్లందరికీ తెలిసిన సైగలే. నేనూ పిల్లలకు చెప్పినవే. అయినా మొదట నేను అరుస్తూనే ఉన్నాను, "ఏందీ సార్? ఇటా? అటా?" అని. ఆయన పలకలేదు. అవే సైగలు మళ్లీ చేశాడు. అరిచి అరిచి నోరు మూశాను. నోరు మూశాక పని చకచకా సాగింది. ఇద్దరి మధ్యా అంత పెద్ద చేను ఉంది, ఒక్క మాట లేదు, ఒక్క పొరపాటూ లేదు.

మధ్యాహ్నం దాటాక ఆయనే నడుచుకుంటూ వచ్చి నా చేతిలో కర్ర తీసుకున్నాడు. "పో, ఇప్పుడు నువ్వు సూడు. వంతులు మార్చాలని చెప్పింది నువ్వే కదప్పా" అన్నాడు. నేను యంత్రం దగ్గర నుంచి సైగలు చేస్తే ఆ చివర నుంచి నవ్వుతూ వచ్చి, "ఏందప్పా, కాకుల్ని తోలినట్ల ఊపుతాండావ్!" అన్నాడు.

గట్టు మీద కూర్చుని చెప్పాడు. వయసులో ఉన్నప్పుడు ప్రాజెక్టు పనిలో ఉండేవాడట. రాయి పేల్చినప్పుడు దగ్గరగా ఉన్నాడు. ఎడమ చెవి అప్పుడే దెబ్బతిని, ఏడాదికింత పోతూ పదేళ్ల కింద పూర్తిగా పోయింది. "చెవిటోని చేత పాఠం చెప్పిస్తారా ఎవరైనా? అందుకే చెప్పలా. ఇంట్లో కూడా చెప్పలా. ఇంక కాలేజీకి రానప్పా. పిల్లోళ్లు నవ్వినాక యా ముఖం పెట్టుకోని రావాల?"

నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే అదొక ఉపన్యాసం అవుతుందని మింగేశాను. ఒక్కటే అడిగాను. "సార్, ఈ చేతుల్ని క్లాసులోకి తెస్తే?"

ఆయన స్టాండు మడిచి భుజాన వేసుకుని ఇంటికి నడిచాడు. వస్తాడో రాడో తెలియదు. కమిటీ వద్దన్న పద్ధతి పోతే పోనీ. ఆయన రాకపోతే మాత్రం నేను ఆ కాలేజీలో ఉండలేను.

జోతి


ఆళ్లగడ్డ,
2-11-1981

జోతీ,

బావకు జాబు చదివి వినిపించాను. "చేతులు ఊపడం నిజమే కదా, నేను చెప్పిందాంట్లో అబద్ధమేముండాది?" అంటున్నాడు. ఆయనతో వాదించి లాభం లేదు. తానూ చేత్తో బస్సును రెండు దెబ్బలు కొట్టి పంపే మనిషే. నోటితో పనిలేని ఉద్యోగం తనదేనంట.

ఉండలేను, మానేస్తాను అని మాత్రం అనకు. ఆయన వస్తే కుడిపక్క నిలబడటానికి తెలిసిన వాడొకడు ఉండాలి. రాకపోతే, మళ్లీ పోయి మళ్లీ కూర్చో. శనగ మొలిచేదాకా, పూసేదాకా, పీకేదాకా.

మా మూడో తరగతి దెబోరా జ్వరంతో రాలేదు. ఒకటో తరగతి మొత్తం ఎక్కాలు మరిచిపోయింది. ఈ వారం నేనే చెప్పాల్సి వచ్చింది. వాళ్లకు నా పాఠం నచ్చలేదు, ఆమెనే కావాలంటున్నారు.

అక్క


నంద్యాల,
6-12-1981

అక్కా,

వందనాలు. బావకు కూడా.

ఇన్నాళ్లు రాయలేదు, ఎందుకంటే ఏదైనా రాస్తే చెడిపోతుందేమోనని భయం. ఇప్పుడు రాయవచ్చు.

పోయిన నెల మధ్యలో ఒకరోజు పుల్లయ్య సారు వచ్చాడు. నేరుగా క్లాసుకు పోయాడు. తలుపు దగ్గర నన్ను తన కుడిపక్క నిలబెట్టుకుని, పిల్లలతో, "నా ఎడమ చెవి పదేండ్ల కిందనే పోయింది. కుడిది బాగుండాది. ఆ రోజు నవ్వినోళ్లు నవ్వినారు, ఐపాయె. ఇంక నుంచి ఎడమ నుంచి పిలిసినోడికి నేను పలకను, కుడి నుంచి తిట్టినోణ్ని వదలను" అన్నాడు. ఎవడూ నవ్వలేదు. తర్వాత వెనక బల్ల వాడు నిలబడి ఏదో చెప్పబోతే, "కూసోప్పా, పనుండాది" అన్నాడు.

పిల్లల్ని నలుగురేసి కూర్చోబెట్టాడు. లెక్క ఇచ్చాడు. మాట్లాడుకోండి, కానీ మీ నలుగురికి వినపడేంత గొంతుతోనే అన్నాడు. ఎక్కడైనా ఆగిపోతే ఒక చెయ్యి ఎత్తాలి. గుంపులో ఇద్దరికి కుదరకపోతే చెయ్యి పక్కకు చాపాలి. లెక్క తెగితే రెండు చేతులూ ఎత్తి దించాలి. ఆయన గది మధ్యలో నిలబడి, ఫీల్డులో మాదిరి ఒక్క చూపుతో అందరినీ చూసుకుంటాడు. చెయ్యి లేచిన చోటికి పోయి, కుడి చెవి ఇటు వంచి, ఒక్కడి మాట ఒక్కసారి వింటాడు. మద్రాసులో పదిహేను రోజులు నాకు నేర్పినవాళ్లు కూడా ఇంత శుభ్రంగా చేయలేదు. గొంతున్న వాడిదే గుంపులో పెత్తనం కావడం నా క్లాసులో పెద్ద రోగం. ఆయన క్లాసులో గొంతుతో పని లేదు. గొలుసు మోసే పిల్లలే ముందు చెయ్యి చాపి, కాదు తప్పు అంటున్నారు.

మూడో రోజు డ్రాయింగు చెప్పే ఆమె కిటికీలోంచి చూసింది. నాలుగో రోజు ఇంకో ఇద్దరు. వాళ్లు నన్ను అడగలేదు, ఆయన్నడిగారు. పోయిన వారం ఆయనే స్టాఫ్ అందరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఎవరి పాఠంలో ఒక లెక్క వాళ్లనే తీసుకోమని, గుంపులకు ఎట్లా పంచాలో వాళ్లలో వాళ్లనే తేల్చుకోమన్నాడు. నేను లేచి రెండు మాటలు చెప్పబోయాను. "నువ్వు కూసో నాయనా, నీది అందరూ విన్యారు" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కోపం రాలేదక్కా. వెతికి చూసుకున్నాను, రాలేదు.

ప్రిన్సిపాలు నన్ను ఏప్రిల్ దాకా ఉంచాడు. తర్వాత సంగతి తర్వాత.

నిన్న బస్టాండులో సుగుణమ్మ కనపడింది. కోయిలకుంట్ల బస్సు కోసం నిలబడి ఉంది. నన్ను పక్కకు పిలిచి, "మీ సారును ఏం చేసినావప్పా?" అంది. "ఏమైందమ్మా?" అన్నాను.

"పదేండ్ల నుంచి నేను ఏం చెప్పినా ఊ అనేవాడు. విన్యాడో లేదో తెలిసేది కాదు. తెలిసినా తెలియనట్ల ఉండేదాన్ని. మొన్న వంటింట్లో నుంచి ఏదో అన్యాను. లేచి వచ్చి, ఈ పక్క నిలబడి, 'వినపడలా సుగుణా, మళ్లీ చెప్పు' అన్యాడు."

"మీరేం చెప్పారమ్మా?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు.

"ఏముండాదప్పా చెప్పేకి. చింతపండు ఐపాయె అన్యాను. మళ్లీ చెప్పమంటే మళ్లీ చెప్పినా."

జోతి